ఏటీ టైర్లు ఏటి కొనమంటారు? – వీ-క్రాస్ పికప్, పలాస

ఉద్దానం_కుర్రోడు
2025 నవంబర్ 9, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే గాని రాయడం ఇదే మొదలు.

బండి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 2017 మోడల్, ఫోర్ బై ఫోర్. రెండేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. టైరు సైజు 245/70 ఆర్16. మీటరు 71 వేలు దాటింది. టైర్లు పాత ఓనరు వేయించినవి, ఇప్పుడు గుండు కొట్టేశాయి.

పోయిన వారం వానలో మందస దగ్గర తోటలోకి దిగుతుంటే బండి వెనక భాగం గట్టు మీంచి జారి కాలువ అంచున ఆగింది. వెనకాల మూడొందల కొబ్బరికాయలు, పక్క సీట్లో నాన్న. ఇంటికొచ్చేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టేసినా బాగుండేది.

అందుకని ఏటీ (ఆల్ టెర్రైన్, అంటే తారుకీ మట్టికీ పనికొచ్చే) టైర్లు వేయిద్దామనుకుంటున్నాను. మనసులో ఉన్నది ఇంకొంచెం పెద్ద సైజు 265/70, తెల్ల అక్షరాలవి. కాశీబుగ్గలో ఒక షాపు, శ్రీకాకుళంలో రెండు షాపులు తిరిగాను. ఒకాయన ఎంటీ (మడ్ టెర్రైన్, బురద టైరు) వేసుకో, బురదలో తిరుగుండదన్నాడు. ఇంకొకాయన హైవే టైరే చాలు బాబూ అన్నాడు. మూడో ఆయన తన దగ్గర స్టాకున్నదే అన్నిటికంటే మంచిదన్నాడు. నాలుగింటికీ కలిపి 50 వేల దగ్గర ఆపాలి. ఏటి కొనమంటారు?

బీచ్‌రోడ్_బైకర్
నవంబర్ 9, రాత్రి 9:31

265/70 వేసెయ్ బ్రో, రెండో ఆలోచన వద్దు. బీఎఫ్ గుడ్రిచ్ కేవో2, తెల్ల అక్షరాలు బయటికి. పలాస బస్టాండ్‌లో అందరూ తిరిగి చూస్తారు.

బొబ్బిలి_పశువైద్యం
నవంబర్ 9, రాత్రి 10:05

తమ్ముడూ, బస్టాండ్ సంగతి తర్వాత. ముందు ఒక పని చెయ్. నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు, అందులో తారు రోడ్డు ఎంత, మట్టి ఎంత, ఇసుక ఎంత, రాళ్ళు ఎంత? అందాజాగా కాదు, పోయిన నెల ఎక్కడెక్కడికి వెళ్ళావో గుర్తు చేసుకుని కాగితం మీద రాయి. నేను బొలెరో క్యాంపర్‌లో పార్వతీపురం, మక్కువ వైపు పల్లెలు తిరుగుతాను. అర్ధరాత్రి ఆవు ఈనలేకపోతోందని ఫోనొస్తే దారి ఎలా ఉందని అడగడానికి ఉండదు. అయినా లెక్క వేస్తే నా బండి కూడా ముప్పావు వంతు తారు మీదే తిరుగుతోంది. ఆ లెక్క చూసే వరకు నేనూ నమ్మలేదు.

ఉద్దానం_కుర్రోడు
నవంబర్ 10, ఉదయం 7:20

అక్కా, రాత్రే రాశాను. అక్టోబరులో 2,100 కిలోమీటర్లు. వైజాగ్‌కి రెండు ట్రిప్పులు, శ్రీకాకుళం అయిదు సార్లు, ఇచ్ఛాపురం రెండు సార్లు. అంతా నేషనల్ హైవే 16 మీదే, 1,600 పైన వచ్చింది. పల్లె తారు రోడ్లు ఇంకో మూడొందలు. తోట దారులు, ఇసుక, బురద అన్నీ కలిపితే రెండొందలు కూడా లేవు.

సిగ్గుగా ఉంది. మా ఇంట్లో నేను రోజూ అడవిలో తిరుగుతున్నట్టు మాట్లాడతాను.

బొబ్బిలి_పశువైద్యం
నవంబర్ 10, ఉదయం 7:48

సిగ్గెందుకు. ఆ రెండొందల్లోనే కదా కాలువ అంచుకి వెళ్ళింది. అందుకే ఉత్త హైవే టైరు నీకు చాలదు. అలాగని ఎంటీ జోలికి మాత్రం వెళ్ళకు. నేనొక ఏడాది వేసి చూశాను. బురదలో బంగారమే. తడి తారు మీద కథ వేరు. పెద్ద పెద్ద బటన్లు, వాటి మధ్య పెద్ద ఖాళీలు, రోడ్డుకి ఆనే రబ్బరే తక్కువ. సన్న గీతలు దాదాపు ఉండవు కాబట్టి తడి రోడ్డుని పట్టుకోదు. ఒక సాయంత్రం చినుకు పడుతుండగా రామభద్రపురం జంక్షన్లో బ్రేకు కొడితే బండి ఆగాల్సిన చోట ఆగలేదు. ముందున్న ఆటోవాడు కొంచెం కదలబట్టి సరిపోయింది. పైగా అరవై దాటితే లోపల గానుగ తిరుగుతున్నట్టు ఒకటే రొద.

లెక్కల_మాస్టారు
నవంబర్ 10, మధ్యాహ్నం 1:15

265/70 గురించి ఎవరూ లెక్క వేయలేదు కాబట్టి నేను వేస్తున్నాను. పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పిన అలవాటు, భరించండి.

245/70 ఆర్16 అంటే టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు. అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, 171.5. అది పైనా కిందా రెండుసార్లు, మధ్యలో 16 అంగుళాల డిస్క్ అంటే 406.4. మొత్తం ఎత్తు 749. అదే 265/70 అయితే 777. తేడా 28 మిల్లీమీటర్లు, శాతంలో 3.7. బండి లేచేది అందులో సగం, 14 మిల్లీమీటర్లు. మీ చిటికెన వేలి మందం అంత. దాని కోసం ఇచ్చుకునేది ఇదీ:

మీటరు 100 చూపిస్తే బండి దాదాపు 104 మీద ఉంటుంది. కిలోమీటర్లు కూడా తక్కువ లెక్కపడతాయి కాబట్టి మైలేజీ నిజంగా పడిపోయిన దానికంటే ఇంకా పడిపోయినట్టు కనిపిస్తుంది. చక్రం పెద్దదయితే గేర్లన్నీ ఆ 3.7 శాతం మేర మందగిస్తాయి, లోడుతో గట్టు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. టైరు బరువు పెరిగితే బ్రేకుకి పని పెరుగుతుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పితే లోపల రాసుకోవచ్చు. స్టెప్నీ కిందనున్న చోటులో పడుతుందో లేదో కొలుచుకోవాలి. ఇక కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది. దారిలో ఎవరూ టేపు పెట్టి కొలవరు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు సర్వేయరు మాత్రం కొలుస్తాడు.

255/70 అయితే తేడా 1.9 శాతమే. మనసు ఒప్పుకోకపోతే అక్కడిదాకా. నన్నడిగితే ఉన్న సైజే.

బీచ్‌రోడ్_బైకర్
నవంబర్ 10, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, ఒక్క పోస్టులో నా కలలు కూడా కూల్చేశారు. నాది బైకే అయినా.

సాలూరు_లారీబాబాయ్
నవంబర్ 10, రాత్రి 8:30

నాయినా, కొత్త టైర్ల మాట అందరూ మాట్లాడుతున్నారు గాని పాత టైర్లు ఎలా అరిగాయో ఒక్కరూ అడగలేదు. మా సాలూరులో లారీ కొన్నవాడు ముందు నేర్చుకునేది అదే. టైరు డాక్టరు చీటీ లాంటిది, బండికి ఏ జబ్బుందో దాని మీద రాసి ఉంటుంది. పగటి వెలుతురులో నాలుగింటినీ చేత్తో తడిమి చూసి చెప్పు. లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్లా.

ఇంకో మాట. జారిన రోజున ఫోర్ వీల్ వేశావా?

ఉద్దానం_కుర్రోడు
నవంబర్ 11, ఉదయం 8:02

బాబాయ్, ముందు రెండూ లోపలి అంచు నున్నగా ఉంది, బయట ఇంకా గీతలున్నాయి. వెనక రెండూ మధ్యలో అరిగిపోయాయి, అంచులు బాగానే ఉన్నాయి.

ఫోర్ వీల్... వేయలేదు. కంగారులో గుర్తే రాలేదు. ఈ మాట నాన్న ఈ పోస్టు చూడరు కాబట్టి రాస్తున్నాను.

సాలూరు_లారీబాబాయ్
నవంబర్ 11, ఉదయం 9:10

ఓలమ్మో! ఫోర్ బై ఫోర్ బండి కొని నాబ్ తిప్పడం మర్చిపోతే దేవుడే దిగిరావాలి.

ముందువి లోపల అరిగాయంటే అలైన్‌మెంట్ పోయింది. చక్రాలు నిటారుగా, సూటిగా లేవు. స్టీరింగ్ రాడ్ ఎండ్లు, సస్పెన్షన్ బుష్‌లు ఒకసారి చూపించు. అవి వదులుగా ఉండగా అలైన్‌మెంట్ చేయించినా నెలకే మళ్ళీ మామూలే. వెనకవి మధ్యలో అరిగాయంటే గాలి ఎక్కువ పెడుతున్నావు. ఎంత పెడతావు?

ఉద్దానం_కుర్రోడు
నవంబర్ 11, ఉదయం 9:25

45 పాయింట్లు. కాయలు వేసినప్పుడు కుంగకుండా ఉంటుందని పాత ఓనరు చెప్పాడు. ఎప్పుడూ అంతే ఉంచుతున్నాను.

సాలూరు_లారీబాబాయ్
నవంబర్ 11, ఉదయం 9:50

అదీ సంగతి. లోడు రోజుకి పెట్టాల్సిన గాలి నెలంతా పెట్టావు. ఖాళీ పికప్‌కి వెనక బరువే ఉండదు, దాని మీద రాయిలా గట్టిగా ఉన్న టైరు. నేలకి ఆనేది మధ్య పట్టీ ఒక్కటే. ఆ పట్టీ గుండు. ఇంక జారక ఏం చేస్తుంది. డ్రైవరు తలుపు తెరిస్తే స్టిక్కరు ఉంటుంది చూడు. మామూలుగా ఎంత, లోడుతో ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. షాపువాడి మాట కాదు, పాత ఓనరు మాట కాదు, ఆ స్టిక్కరు మాట విను.

గాలి ఉదయాన్నే, టైరు చల్లగా ఉండగా చూడాలి. వైజాగ్ నుంచి ఎండలో వచ్చి మడపాం టోల్ దాటగానే బంకులో చూస్తే ఎక్కువే చూపిస్తుంది. వేడికి అయిదారు డిగ్రీలకి ఒక పాయింటు పెరుగుతుంది. అది చూసి తగ్గించారనుకో, తెల్లారేసరికి గాలి తక్కువైపోతుంది. గాలి తక్కువున్న టైరు పక్కగోడ నలిగి నలిగి కాగిపోతుంది. మే నెలలో హైవే పక్కన చీలికలు చీలికలుగా కనిపించే టైర్లలో సగం కథ అదే.

టెక్కలి_నీలిరాయి
నవంబర్ 11, రాత్రి 7:45

చర్చ బాగుంది గాని ఒక పాయింటు దగ్గర విభేదిస్తాను. అందరూ బురద బురద అంటున్నారు. మన జిల్లాలో టైరుని చంపేది రాయి.

నేను టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలో పనిచేస్తాను. నీలిరాయి ముక్క పగిలిన అంచు గాజు పెంకులా ఉంటుంది. ఎండలో దాని మీంచి వెళ్తే ఏం కాకపోవచ్చు, అదే రాయి వాన పడ్డాక కోసేస్తుంది. తడిసిన రబ్బరు చాకుకి తొందరగా తెగుతుంది, నీళ్ళు నూనెలా పనిచేస్తాయి. మా దగ్గర మామూలు టైరుకి ట్రెడ్ (నేలకి ఆనే గీతల పొర) అరిగే లోపే పక్కగోడ పోతుంది. పక్కగోడ కోతకి స్ట్రిప్ పెట్టడం కుదరదు, టైరు పారేయాల్సిందే. అందుకే ఎల్‌టీ (లైట్ ట్రక్) అని రాసున్నది తీసుకోమంటాను. లోపల దారాల పొరలు గట్టిగా ఉంటాయి, ట్రెడ్ లోతు ఎక్కువ. నా క్యాంపు బండికి రెండేళ్ళుగా అవే. ముందు ఏడాదికి రెండు టైర్లు కోసుకుపోయేవి, ఎల్‌టీ వేశాక ఇప్పటికి ఒక్కటే పోయింది.

లెక్కల_మాస్టారు
నవంబర్ 11, రాత్రి 8:20

నీలిరాయి గారి దారికి ఎల్‌టీయే సరి. కానీ కుర్రాడు క్వారీలో తిరగడం లేదు కదా. ఎల్‌టీ టైరు అదే బరువు మోయడానికి మామూలు దానికంటే ఎక్కువ గాలి అడుగుతుంది. కాబట్టి తలుపు మీది స్టిక్కరు అంకె దానికి నేరుగా పనికిరాదు, టైరు కంపెనీ పట్టిక చూసుకోవాలి. ఖాళీ బండిలో ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. బరువు కూడా ఎక్కువ.

కుర్రాడూ, పాత టైరు మీద సైజు పక్కన ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. చదివి చెప్పు.

ఉద్దానం_కుర్రోడు
నవంబర్ 11, రాత్రి 8:41

111 ఎస్ అని ఉంది మాస్టారూ.

లెక్కల_మాస్టారు
నవంబర్ 11, రాత్రి 8:55

111 అంటే ఒక్కో టైరు 1,090 కిలోలు మోయగలదు. ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వరకు. నాలుగు టైర్లు కలిపితే 4,360 కిలోలు. నీ ఆర్సీలో బండి మొత్తం బరువు చూడు, మూడు టన్నుల లోపే ఉంటుంది. అంటే మామూలు టైరుకే కావలసినంత మిగులు ఉంది. కొత్తది ఏ కంపెనీదైనా 111కి తగ్గకుండా చూసుకో. షాపులో సైజు ఒకటే చూసి బిగించేస్తారు, ఈ అంకె చూసేవాళ్ళు తక్కువ.

బీచ్‌రోడ్_బైకర్
నవంబర్ 11, రాత్రి 9:30

ఒక డౌట్. యోకోహామా వాళ్ళ ఫ్యాక్టరీ మన అచ్యుతాపురంలోనే ఉంది కదా. అక్కడికే వెళ్ళి అడిగితే తక్కువకి ఇవ్వరా?

టెక్కలి_నీలిరాయి
నవంబర్ 11, రాత్రి 9:52

2022లో మొదలైంది, నిజమే. కానీ అది మొదలైంది ట్రాక్టర్లు, పొలం యంత్రాలు, మా క్వారీ లోడర్ల లాంటి వాటికి వేసే టైర్లతో. ఆ టైరు ఒకటి తెచ్చి బిగిస్తే కుర్రాడి బండి గుడారంలా లేస్తుంది. పికప్ టైర్లు మామూలుగా డీలరు దగ్గరే కొనుక్కోవాలి.

అన్నట్టు, బయటి దేశాల నుంచి వచ్చే టైర్లు ఎందుకంత ఖరీదని అడుగుతుంటారు. 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతికి లైసెన్సు పెట్టారు. కాబట్టి మీకు నచ్చిన మోడల్లో మీ సైజు ఉంటుందని ముందే అనుకోకండి. పంక్చరైతే జత కోసం నెలలు ఎదురుచూడాల్సి రావచ్చు.

బొబ్బిలి_పశువైద్యం
నవంబర్ 12, ఉదయం 6:50

ఇంకోటి. బేరం ఆడేటప్పుడు పాత రేటు చెప్తే ఒప్పుకోకు. కొత్త టైర్ల మీద జీఎస్టీ సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. బిల్లు మీద చూసుకో. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తానంటే అసలొద్దు, వారంటీకి ఆ కాగితమే దిక్కు.

ఉద్దానం_కుర్రోడు
నవంబర్ 12, మధ్యాహ్నం 12:30

సరే, 265 ఆశ వదిలేశాను. ఉన్న సైజులోనే ఏటీ. ఇప్పుడు నాన్న కొత్త మెలిక పెట్టారు. వెనక రెండే మార్చు, ముందువి ఇంకో ఆరు నెలలు తిరుగుతాయి కదా అంటున్నారు. పాతిక వేలు మిగులుతుందని ఆయన లెక్క. ఏం చెప్పమంటారు?

లెక్కల_మాస్టారు
నవంబర్ 12, మధ్యాహ్నం 12:58

కారుకైతే నడుస్తుంది. నీ బండికి వద్దు. నీది నాబ్ తిప్పితే ముందు, వెనక ఇరుసులు ఒకదానికొకటి కట్టేసినట్టు కలిసి తిరిగే పద్ధతి, మధ్యలో తేడాని సర్దుకునే డిఫరెన్షియల్ లేదు. ముందు గుండు టైరు, వెనక కొత్త టైరు అయితే చుట్టుకొలత తేడా వస్తుంది. ఫోర్ హెచ్ (నాలుగు చక్రాలూ లాగే మామూలు వేగం గేరు) వేసిన ప్రతిసారీ రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి మెలి తిప్పుకుంటాయి. బురదలో చక్రం కొంచెం జారి ఆ మెలి విడిపోతుంది. పట్టున్న నేల మీద విడిపోదు, ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు ఇరుసులకీ శక్తి పంచే గేర్ల పెట్టె) మీద పడుతుంది. పొడి తారు మీద ఫోర్ హెచ్ వద్దనేదీ ఇందుకే. ట్రాన్స్‌ఫర్ కేసు రిపేరు ఎంతవుతుందో మెకానిక్‌ని ఒకసారి అడిగి, ఆ అంకె నాన్నగారికి చెప్పు.

సాలూరు_లారీబాబాయ్
నవంబర్ 12, మధ్యాహ్నం 2:10

మీ నాన్నకి ఇంకోలా చెప్పు. ఎడ్లని జతగా కొంటాం గాని ఒకటి ముసలిది, ఒకటి కోడెదూడ కట్టం కదా.

స్టెప్నీ పరిస్థితి కూడా చూసుకో. కింద వేలాడుతూ ఎనిమిదేళ్ళుగా దుమ్ము తింటూ ఉండి ఉంటుంది. ట్రెడ్ కొత్తగా కనిపించినా రబ్బరు ముసలిదయిపోతుంది. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 3117 అంటే 2017లో 31వ వారం. కొత్తవి కొనేటప్పుడు కూడా ఇదే చూడు. నాలుగూ ఒక్క ఏడాదివే ఉండాలి.

ఉద్దానం_కుర్రోడు
నవంబర్ 15, సాయంత్రం 6:15

బాబాయ్, మీ మాట ఈ రోజు కాపాడింది. ఒక షాపులో అన్నిటికంటే ఎనిమిది వేలు తక్కువ చెప్పాడు. సంతోషంగా వెళ్ళాను. షాపు కుర్రాడు రెండు టైర్లు డిస్కులకి ఎక్కించేశాక అంకెలు చూశాను. రెండు 2025వి, బిగించకుండా ఉన్న రెండూ 2022వి. అడిగితే "గోడౌన్లో ఏసీలో ఉన్నాయి సార్, ఏం కాదు" అన్నాడు. పలాసలో టైర్లకి ఏసీ! దండం పెట్టి పాతవి మళ్ళీ బిగించమన్నాను. ఎక్కించిన కూలి మూడొందలు నాదే.

బొబ్బిలి_పశువైద్యం
నవంబర్ 15, సాయంత్రం 6:40

మూడొందలకి మంచి పాఠమే. షాపు పేరు రాయనందుకు సంతోషం, లేకపోతే చర్చంతా అటు పోయేది.

ఉద్దానం_కుర్రోడు
నవంబర్ 22, రాత్రి 9:00

పని అయ్యింది. వరసగా చెప్తాను.

ముందు శ్రీకాకుళంలో బండి ఎత్తించి చూపించాను. బాబాయ్ చెప్పినట్టే ఎడమ రాడ్ ఎండ్ ఆడుతోంది, కింది ఆర్మ్ బుష్‌లు రెండు పోయాయి. అవి మార్పించాను. ఆ తర్వాతే టైర్లు. చివరికి యోకోహామా జియోలాండర్ ఏ/టీ జీ015, ఉన్న సైజులోనే, నాలుగు. నాలుగూ 2025వే, రెండు వారాలే తేడా. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాను. నైట్రోజన్ పెట్టమంటారా అన్నాడు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది కదా అన్నాను. నన్ను కూడా మాస్టారు అనుకున్నట్టున్నాడు, మారు మాట్లాడలేదు.

అయిదోది కొనలేదు, డబ్బు చాలలేదు. పాత వాటిలో కొంచెం బాగున్నదాన్ని స్టెప్నీగా పెట్టాను.

లెక్కల_మాస్టారు
నవంబర్ 22, రాత్రి 9:18

స్టెప్నీ అరిగినదే కాబట్టి అది బిగించి ఉన్నప్పుడు ఫోర్ హెచ్ వాడకు. పంక్చరు షాపు దాకా మెల్లగా వెళ్ళడానికే అది.

టెక్కలి_నీలిరాయి
నవంబర్ 22, రాత్రి 9:40

ఎల్‌టీ కాదన్నమాట. సరే, ఓటమి ఒప్పుకుంటున్నా. మా క్వారీ వైపు మాత్రం ఆ బండితో రాకు. అయినా ఒక అలవాటు చేసుకో. రాళ్ళ దారి నుంచి తారు ఎక్కే ముందు ఆగి, బటన్ల మధ్య ఇరుక్కున్న రాళ్ళని స్క్రూడ్రైవరుతో తీసెయ్. అలాగే వదిలేస్తే తిరిగిన కొద్దీ లోపలికి దిగబడి తొలుచుకుంటూ పోతాయి.

ఇంకో సంగతి చూశావా? నీ టైరు పక్కన కొండ మీద మంచు బొమ్మ ఉందా? మంచులో పనికొస్తుందని గుర్తు. ఉద్దానంలో మంచు పడితే మొదట ఫొటో నీదే.

సాలూరు_లారీబాబాయ్
నవంబర్ 22, రాత్రి 10:15

మొదటి మూడు నాలుగొందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు నాయినా. కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన నున్నటి పూత ఉంటుంది, అది పోయేదాకా పట్టు తక్కువ. పది వేలకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించు. లోడు దింపగానే గాలి తగ్గించు. బద్ధకించావో, మళ్ళీ మధ్యలో గుండు.

బీచ్‌రోడ్_బైకర్
2026 జనవరి 18, సాయంత్రం 5:30

ఏమైంది బ్రో? రిపోర్టు ఏది? బారువ బీచ్‌లో ఇసుక మీద ఒక రౌండు వేస్తే వీడియో పెట్టు.

బొబ్బిలి_పశువైద్యం
జనవరి 18, సాయంత్రం 6:02

ఇసుక మీద వద్దు. ఇది మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలం. టైరు జాడల్లో పిల్లలు పడితే సముద్రం దాకా రాలేవు. వీడియో కావాలంటే తోటలో తీసుకోండి.

ఉద్దానం_కుర్రోడు
2026 ఫిబ్రవరి 17, రాత్రి 8:20

ఆలస్యానికి క్షమించండి. శివరాత్రికి మహేంద్రగిరి వెళ్ళొచ్చాక రాద్దామని ఆగాను. ఇప్పటికి 5,200 కిలోమీటర్లు అయ్యింది.

హైవే మీద రొద ఉంది, అబద్ధం చెప్పను. ఎనభై దాటాక సన్నగా తుమ్మెద పాడినట్టు ఉంటుంది. నాన్న రేడియో సౌండ్ ఒక పాయింటు పెంచారు, అంతే. మైలేజీ ముందు 12.8 వచ్చేది, ఇప్పుడు 12.1. తడి తారు మీద బ్రేకు విషయంలో మాత్రం పాతదానికీ దీనికీ పోలికే లేదు. అయితే పాతవి గుండు కాబట్టి ఏ కొత్త టైరు వేసినా ఇంతే అనిపించేదేమో.

మహేంద్రగిరి దారిలో జనం, బండ్లు, దుమ్ము. చివరి ఎక్కుడులో రాళ్ళు తేలిన చోట ఫోర్ ఎల్ (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే గేరు) వేసి మెల్లగా ఎక్కాను. ఈసారి నాబ్ గుర్తుంది. ముందు గింజుకుంటున్న ఒక జీపాయన పక్కకి తీసి దారి ఇచ్చాడు. దిగాక నీలిరాయి అన్న చెప్పినట్టు రాళ్ళు తీస్తే పదకొండు వచ్చాయి.

వైజాగ్ వైపు పాత ఇసుక దారిలో ఒకసారి దిగబడ్డాను. గాలి 20 పాయింట్లకి దింపితే బండి తనంతట తనే పైకొచ్చింది. బంకు దాకా వచ్చి మళ్ళీ నింపుకున్నాను. చేతి పంపు కొనాలి, ఆ బంకు ఏడు కిలోమీటర్లు ఉంది, అంత దూరం ఇరవై మీద రాకూడదని తెలుసు.

అసలు పరీక్ష ఇంకా కాలేదు. వానాకాలం, బంకమట్టి, అదే గట్టు. జూలైలో చెప్తాను.

సాలూరు_లారీబాబాయ్
ఫిబ్రవరి 17, రాత్రి 8:45

గాలి?

ఉద్దానం_కుర్రోడు
ఫిబ్రవరి 17, రాత్రి 8:47

స్టిక్కరు ప్రకారమే బాబాయ్. లోడుకి వేరు, ఖాళీకి వేరు. మీటరు కొన్నాను, డాష్‌బోర్డులోనే ఉంటుంది.

బొబ్బిలి_పశువైద్యం
ఫిబ్రవరి 17, రాత్రి 9:05

మిగిలిన పాత టైర్లు నాలుగూ ఏం చేశావు? పెరట్లో పడేసి ఉంటే వాన నీళ్ళు నిలిచి దోమలకి ఇల్లు కట్టిచ్చినట్టే.

ఉద్దానం_కుర్రోడు
ఫిబ్రవరి 17, రాత్రి 9:20

మూడు భావనపాడులో తెలిసిన పడవాయన తీసుకెళ్ళాడు అక్కా, పడవ పక్కన వేలాడదీస్తాడట. నాలుగోది మా గుంటడు ఊయల కట్టమంటున్నాడు. కింద కన్నం పెట్టే కడతాను.

బీచ్‌రోడ్_బైకర్
ఫిబ్రవరి 17, రాత్రి 9:31

అన్నీ బాగున్నాయి గాని తెల్ల అక్షరాల సంగతి?

ఉద్దానం_కుర్రోడు
ఫిబ్రవరి 17, రాత్రి 9:34

టైరు మీద రాసే తెల్ల పెయింట్ పెన్ను తెప్పించాను. ఒక చక్రం అయ్యింది. నాన్న ఇంకా ఆ వైపు నుంచి బండి ఎక్కలేదు.